పోర్టు లైట్ వెలుగుతోంది, మరి నెట్ ఏది? స్విచ్‌లలో ఆబ్జెక్ట్ ట్రాకింగ్

మా కల్లూరులో బోరు ఉన్న ఎవరినడిగినా చెప్తారు: మోటరు తిరుగుతున్నంత మాత్రాన నీళ్లు వస్తున్నట్టు కాదు. నెట్‌వర్క్ స్విచ్ కూడా అంతే. ఇది నాకు అర్థమవ్వడానికి ఒక పూట ఆఫీసు మొత్తం ఆగిపోవాల్సి వచ్చింది.

ఆఫీసులో రెండు సిస్కో నెక్సస్ స్విచ్‌లు, ఒక్కోదానికి ఒక్కో ఫైబర్ లైన్. హెచ్‌ఎస్‌ఆర్‌పీలో మొదటిదానికి ప్రయారిటీ 110, రెండోదానికి డిఫాల్ట్ 100. ఎక్కువ ఉన్నదే గేట్‌వే. రోడ్డు తవ్వకాల్లో మొదటి లైన్ తెగింది, కానీ రెండోది అందుకోలేదు. ఎందుకంటే డిఫాల్ట్‌గా 3 సెకన్లకోసారి వెళ్లే హలో మెసేజ్‌లు ఆఫీసు లోపలి వైపు తిరుగుతాయి. అక్కడ అంతా బాగానే ఉంది. బయట తెగిన సంగతి రెండో స్విచ్‌కి ఎవరు చెప్పాలి?

ఆ పని ట్రాకింగ్‌ది. ముందు ఇంటర్‌ఫేస్‌ని ట్రాక్ చేశా:

ట్రాక్ 1 ఇంటర్‌ఫేస్ ఈథర్నెట్ 1/1 లైన్-ప్రోటోకాల్

టెస్ట్ చేస్తే ఫెయిల్! ఫైబర్‌కీ స్విచ్‌కీ మధ్య మీడియా కన్వర్టర్ ఉంది. ఫైబర్ పీకేసినా పోర్టు మాత్రం అప్‌లోనే ఉంది. మోటరు తిరుగుతోంది, నీళ్లు లేవు. అందుకే హెడ్డాఫీసు రూట్‌నే ట్రాక్ చేశా:

ట్రాక్ 2 ఐపీ రూట్ 10.20.0.0/16 రీచబిలిటీ

ఈ రూట్ బీజీపీ ద్వారా వస్తుంది కాబట్టి లైన్ తెగితే టేబుల్‌లోంచి పోతుంది. అయితే సిస్కోలో బీజీపీ డిఫాల్ట్ హోల్డ్ టైమ్ 180 సెకన్లు. అంతసేపు ఆగలేకపోతే బీఎఫ్‌డీ పెట్టుకోండి. మీది స్టాటిక్ రూట్ అయితే పోర్టు అప్‌లో ఉన్నంతవరకు టేబుల్‌లోనే ఉంటుంది. అప్పుడు ఐపీ ఎస్ఎల్ఏతో అవతలి అడ్రస్‌ని పింగ్ చేయించి, దాన్ని ట్రాక్ చేయాలి.

ఇక మొదటి స్విచ్ హెచ్‌ఎస్‌ఆర్‌పీ గ్రూపులో:

ట్రాక్ 2 డిక్రిమెంట్ 20

ఇక్కడ లెక్క ముఖ్యం. డిఫాల్ట్ 10 వదిలేస్తే 110 కాస్తా 100 అవుతుంది, రెండూ సమానం. 20 తగ్గిస్తే 90, అప్పుడు రెండోది పైచేయి. దాంట్లో ప్రీఎంప్ట్ ఆన్ చేయకపోతే అది ముందుకు రాదు. లైన్ బాగయ్యాక మొదటిది తిరిగి రావాలంటే దాంట్లోనూ ఉండాలి. లైన్ పోతూ వస్తూ ఉంటే గేట్‌వే అటూ ఇటూ దూకకుండా ట్రాక్ 2 కింద 'డిలే అప్ 60' పెట్టండి.

చివరగా, టెస్ట్ చేసేటప్పుడు స్విచ్ దగ్గర కేబుల్ పీకి సంబరపడకండి. కన్వర్టర్ అవతల ఫైబర్ పీకి 'షో ట్రాక్' చూడండి. డౌన్ అని వచ్చిందా? అప్పుడు నిశ్చింతగా ఇంటికెళ్లొచ్చు.