వార్తల్లో పదం: రక్షిత హెడర్

‘బయాప్సీ రిపోర్టు వచ్చింది, సోమవారం రండి’. మెయిల్ సబ్జెక్టులో ఈ ముక్క ఉంటే, లోపలి ఉత్తరానికి ఎంత గట్టి తాళం వేసినా గుట్టు బయటపడ్డట్టే.

ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేశాక ఏళ్ల తరబడి మెయిల్ ఎన్‌క్రిప్షన్ అంటే లోపలి ఉత్తరానికే. సబ్జెక్టు మాత్రం పోస్టుకార్డు మీది రాతలా దారిలోని సర్వర్లకు కనిపించేది. ఇది చిన్న లోటు కాదు. సబ్జెక్టులాంటి హెడర్ వివరాలను దాచి దాన్ని పూడ్చేదే రక్షిత హెడర్.

అసలు సబ్జెక్టును ఎన్‌క్రిప్ట్ అయ్యే భాగంలోనే పెడతారు. పైన కనిపించేవి మూడు చుక్కలే. తాళంచెవి ఉన్నవారి సాఫ్ట్‌వేర్ లోపలిదాన్ని తీసి చూపిస్తుంది. థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌కు జోడించుకునే ఎనిగ్‌మెయిల్ అనే ఓపెన్ సోర్స్ యాడాన్ ఈ బాట వేసింది. 2020లో థండర్‌బర్డ్ 78 పీజీపీ ఆధారిత ప్రమాణమైన ఓపెన్‌పీజీపీని తనలోనే కలుపుకుంది.

చిక్కులు లేకపోలేదు. ఈ పద్ధతి తెలియని సాఫ్ట్‌వేర్‌లో అవతలివారికి చుక్కలే మిగులుతాయి, పాత మెయిల్ వెతకడం తలనొప్పి. అంతకన్నా పెద్ద ప్రమాదం జవాబుతో: అది ఎన్‌క్రిప్ట్ కాకుండా వెళితే, ‘రీ’ పక్కన దాచిన సబ్జెక్టు బట్టబయలు! ఇలాంటివాటికి నియమాలు చెబుతూ ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2025లో ఆర్‌ఎఫ్‌సీ 9788 ప్రమాణాన్ని వెలువరించింది.

మెయిల్ చేరాలంటే చిరునామా కావాలి కాబట్టి, ఎవరు ఎవరికి రాశారన్నది సర్వర్లకు ఇప్పటికీ తెలుస్తుంది. థండర్‌బర్డ్‌లో ఓపెన్‌పీజీపీ వాడేవారు అకౌంట్ సెట్టింగుల్లో సబ్జెక్టు ఎన్‌క్రిప్షన్‌కు టిక్కు ఉందో లేదో ఇవాళే చూసుకోండి.