బిల్లుకు 38 సెకన్లు.. దొంగ ఎక్కడ దొరికాడంటే!

పోయిన కార్తీకంలో లింబాద్రి గుట్ట జాతరకని హైదరాబాద్ నుంచి భీమ్‌గల్ వచ్చాను. రెండ్రోజుల లీవు. గుట్టెక్కి దండం పెట్టుకుని, అమ్మ చేసిన భక్ష్యాలు తిని, హాయిగా పడుకుందామని ప్లాన్. బావ పడుకోనివ్వలేదు.

బావది ఊళ్లో విత్తనాలు, పురుగుమందుల దుకాణం. యాసంగి మొదలయ్యే రోజులు కాబట్టి పొద్దున్నుంచే గిరాకీ. "బామ్మర్దీ, నువ్వు చేసిచ్చిన సాఫ్ట్‌వేర్ బాగా సతాయిస్తుంది. జర వచ్చి చూడు" అని ఫోన్. మూడేళ్ల కింద ఉద్యోగం లేక ఖాళీగా ఉన్నప్పుడు పైథాన్‌లో రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రామ్ అది. ఉద్దెర ఖాతాలు కూడా అందులోనే.

వెళ్లేసరికి ఒక పెద్దాయన రెండు మందు డబ్బాలు ముందు పెట్టుకుని నిలబడ్డాడు. తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే ఒక్క బిల్లుకు 38 సెకన్లు. అది కూడా ఆయన ముందున్న మనిషిది. "ఆటో పోతది బిడ్డా" అని డబ్బాలు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు పెద్దాయన. బావ నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"కంప్యూటర్ పాతదైంది, కొత్తది తెస్తా" అన్నాడు కాసేపటికి. అక్క చిట్టీ ఎత్తితే వచ్చిన 45 వేలు అందుకే పక్కన పెట్టారట. నా అనుమానం వేరు. బిల్లు మీద పేర్లు తెలుగులో అచ్చవ్వాలని అప్పట్లో బావ పట్టుబట్టాడు. ఒత్తులు, గుణింతాలు పాత ప్రింటర్‌లో సరిగా రాక, పేరును బొమ్మగా గీసి పంపేలా రాశాను. బరువంతా దానిదే అనుకున్నా. రెండు రాత్రులు కూర్చుని ఆ భాగం తిరగరాయడానికి సిద్ధమైపోయా.

ముందు టాస్క్ మేనేజర్ తెరిచాం. ప్రాసెసర్ వాడకం 25 శాతం చుట్టూ ఉంది. "చూడు, ముప్పావు వంతు ఖాళీగనే ఉంది" అన్నాడు బావ. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఆ ప్రాసెసర్‌లో నాలుగు కోర్లున్నాయి. నా ప్రోగ్రామ్ ఒకే కోర్ మీద నడుస్తుంది. ఆ కోర్ ఊపిరాడకుండా నూటికి నూరు పని చేస్తుంటే, నాలుగింటి లెక్కలో అది 25గా కనిపిస్తుంది. ఎనిమిది కోర్ల మెషీన్ తెచ్చి పెడితే పన్నెండున్నరే చూపించేది. బిల్లు మాత్రం ఆ అదనపు కోర్ల వల్ల ఒక్క సెకను కూడా ముందుకు జరగదు.

ఎంత వాడుతోందో తెలిసింది. దేనికి వాడుతోందో చెప్పాలంటే ప్రొఫైలర్ కావాలి. పైథాన్‌తో పాటే వచ్చే సీప్రొఫైల్‌ను ఆన్ చేసి ఒక బిల్లు కొట్టాను. తానూ కొంత టైమ్ తింటుంది కాబట్టి మొత్తం 41 సెకన్లు చూపించింది. కింద వరుసలే వరుసలు. ఒక్కో వరుస ఒక్కో ఫంక్షన్. పక్కన కాలమ్స్: ఎన్‌కాల్స్, టాట్‌టైమ్, పర్‌కాల్, కమ్‌టైమ్.

ఆ చివరి కాలమ్ ప్రకారం పేర్చి చూస్తే అన్నిటికన్నా పైన ఉన్నది మెయిన్ ఫంక్షన్. ప్రోగ్రామ్ మొత్తం దాని కిందే నడుస్తుంది, పైన ఉండక ఏం చేస్తుంది? కమ్‌టైమ్ అంటే తాను చేసింది ప్లస్ తాను పిలిచిన వాళ్లందరూ చేసింది. భక్ష్యాలకు మూడు గంటలు పట్టిందని అమ్మ చెబితే, అందులో నేను గిర్నీకి పోయి పిండి పట్టించుకొచ్చిన గంట కూడా కలిసే ఉంటుంది. టాట్‌టైమ్ అంటే అచ్చంగా అమ్మ చేతుల మీద గడిచిన టైమ్. ఇక ఎన్‌కాల్స్ అంటే ఎన్నిసార్లు చేసిందని. ఒక భక్ష్యం ఒత్తడానికి అర నిమిషమే కదా అనిపిస్తుంది. వంద ఒత్తితే యాభై నిమిషాలు.

టాట్‌టైమ్ ప్రకారం మళ్లీ పేర్చాను. తెలుగు అక్షరాలు గీసే ఫంక్షన్ ఎక్కడో కింద దొరికింది. 0.9 సెకను! దాన్ని పూర్తిగా మాయం చేసినా 41లో మిగిలేది అంతే. రెండు రాత్రుల నిద్ర మిగిలింది.

అన్నిటికన్నా పైన సీక్వెలైట్ డేటాబేస్‌ను అడిగే ఎగ్జిక్యూట్ వరుస. టాట్‌టైమ్ 36.7 సెకన్లు. పర్‌కాల్ చూస్తే 0.026 సెకను, కనురెప్ప కొట్టేంత కూడా కాదు. ఎన్‌కాల్స్ దగ్గర కళ్లు ఆగిపోయాయి. 1,412.

ఒక్క బిల్లుకు డేటాబేస్‌ను పద్నాలుగు వందల సార్లు అడగడమేంటి? ఎగ్జిక్యూట్‌ను తిట్టి లాభం లేదు. అది అడిగిన పని చేసింది. ఎవరు అడిగారన్నదే తేలాలి. సీప్రొఫైల్‌లో పిలిచిన వాళ్ల లిస్టు కూడా తీయొచ్చు. ఫంక్షన్ల మధ్య ఇలా ఎవరు ఎవరిని పిలిచారో చూపించే పద్ధతిని పేరుకెక్కించింది 1982లో బర్క్లీ నుంచి వచ్చిన జీప్రాఫ్. అంతకుముందు చాలా ప్రొఫైలర్లు ఎవరు అలసిపోయారో చెప్పేవి గానీ, ఎవరు పని చెప్పారో చెప్పేవి కావు.

లిస్టు తీస్తే నా చేతిరాతే బయటపడింది. బిల్లు సేవ్ అవగానే పేర్ల లిస్టు రిఫ్రెష్ అవుతుంది. ప్రతి పేరు పక్కన పాత బాకీ చూపిస్తుంది. అందుకోసం ఒక్కో రైతు పేరు మీద ఉద్దెర ఖాతా మొత్తం మొదటి నుంచి చివరి దాకా చదువుతోంది. మొదట్లో 140 మంది, ఖాతాలో ఓ 500 వరుసలు. కన్ను మూసి తెరిచేలోపు అయిపోయేది. ఇప్పుడు 1,412 మంది, దగ్గర దగ్గర 50 వేల వరుసలు. మనుషులు పదింతలు, వరుసలు వందింతలు. పని మాత్రం వెయ్యింతలు! దుకాణం బాగా నడవడమే ప్రోగ్రామ్ ప్రాణం మీదికి తెచ్చింది. కంప్యూటర్ పాపం ఏమీ లేదు.

డొనాల్డ్ క్నుత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1971లో ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామ్‌లను పరిశీలించి, సాధారణంగా కోడ్‌లో 4 శాతం లోపే సగానికి పైగా టైమ్ తినేస్తుందని చూపించాడు. నా విషయంలో అది ఆరు లైన్లు.

ఆఫీసులో పెద్ద సర్వర్ల మీద ఇలా ప్రతి కాల్‌ను లెక్కపెడితే సర్వర్ కుదేలవుతుంది. అక్కడ పెర్ఫ్ లాంటి టూల్స్ వాడతాం. లినక్స్‌లో 2009 నుంచి ఉంది. వంటింట్లోకి పది నిమిషాలకోసారి తొంగిచూసి, ఆ క్షణంలో ఎవరు ఏం చేస్తున్నారో రాసుకునే పిల్లాడి లాంటిది అది. సెకనుకు వంద సార్లు తొంగిచూస్తే చాలు, బొమ్మ తేలిపోతుంది. ఆ రాతలనే 2011లో బ్రెండన్ గ్రెగ్ మంటల ఆకారంలో పేర్చి ఫ్లేమ్ గ్రాఫ్ అన్నాడు. కొత్తలో నేను ఎత్తుగా లేచిన మంటనే చూసేవాణ్ని. ఎత్తు అంటే ఒకరినొకరు ఎంత లోతుగా పిలుచుకున్నారన్నదే. చూడాల్సింది వెడల్పు. ఎడమ నుంచి కుడికి టైమ్ నడుస్తుందనుకోవడం ఇంకో పొరపాటు, మామూలుగా అది అక్షరక్రమం. రంగులకైతే చాలాసార్లు అర్థమే ఉండదు.

మీ ఫోన్‌లోనూ ఒక చిన్న ప్రొఫైలర్ దాక్కుని ఉంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో ప్రొఫైల్ హెచ్‌డబ్ల్యూయూఐ రెండరింగ్ ఆన్ చేసి ఏ యాప్ అయినా స్క్రోల్ చేయండి. కింద నిలువు గీతలు లేస్తాయి. అడ్డంగా ఉన్న ఆకుపచ్చ గీత 16 మిల్లీసెకన్ల హద్దు. దాన్ని దాటిన ప్రతిసారీ మీ వేలికి ఒక చిన్న కుదుపు తగులుతుంది.

దుకాణంలో సరిచేయడానికి అరగంట పట్టింది. అందరి బాకీ కాకుండా బిల్లు తీసుకునే ఒక్కరిదే అడిగేలా మార్చాను. రైతు నంబర్ మీద ఇండెక్స్ పెట్టాను, ఖాతాబుక్కుకు పక్కన అంటించే పేర్ల చీటీల్లాగా. ఇప్పుడు బిల్లుకు నాలుగు సెకన్లు.

"మరి కొత్త కంప్యూటర్?" అన్నాడు బావ. అక్క లోపలి నుంచి "పైసలు నాకిచ్చెయ్యి" అంది. ఆమె వినడం లేదనుకున్నాం ఇద్దరం.

వెళ్లే ముందు ఊరికే ఇంకోసారి ప్రొఫైలర్ పెట్టి చూశా. మొదటి వరుసలో ఇప్పుడు ప్రింటర్, మూడు సెకన్లు. రెండో వరుసలో తెలుగు అక్షరాలు, 0.9. వచ్చే పండక్కి దాని సంగతి చూస్తానని బావతో చెప్పాను. బావ మాత్రం పెద్దాయన వదిలేసిన రెండు డబ్బాలు సంచిలో వేసి, "పోయేటప్పుడు ఇవి ఆయన ఇంట్ల ఇచ్చి పో, బిల్లు కూడా కొట్టిన" అన్నాడు.