చుక్కాని సూచిక

అనకాపల్లికి దక్షిణమున సముద్రపు టొడ్డున పూడిమడక యను ఊరు కలదు. దుంగలను త్రాళ్ళతో బిగించి కట్టిన తెప్పపై జాలరి వెనుక నిలిచి, తెడ్డుతో దారి మార్చుటను నేను చిన్ననాడు చూచితిని. ఇప్పు డచ్చట యంత్రపు పడవలే యెక్కువ. తెడ్డు ఎటు తిరిగియున్నదో ఆ జాలరికి వేరొకరు చెప్ప నక్కరలేదు. అది అతని చేతిలోనే యున్నది. నీటి తాకిడి అరచేతికే తెలియును.

చిన్న తెరచాప పడవలకు తెడ్డునకు బదులు చుక్కాని యుండును. పడవ వెనుక నీటిలో నిలువుగా నుండు పలకయే చుక్కాని. దాని ఇరుసు పైకొనకు పొడవైన పిడి నమర్తురు. పిడిని ఎడమకు నెట్టిన పడవ కుడికి తిరుగును. పిడిని చూచినంతనే చుక్కాని ఏ స్థితిలో నున్నదో తెలిసిపోవును. పడవ పెద్దదైనకొలది చుక్కానిపై నీటి ఒత్తిడి హెచ్చును. అప్పుడు పిడికి బదులు చక్రము నమర్చి, గొలుసులతోను తీగత్రాళ్ళతోను దానిని చుక్కానికి కలుపుదురు. శ్రమ తగ్గినది కాని తెలివిడి పోయినది. చక్రము గుండ్రనిది కదా! ఒక చుట్టు త్రిప్పినను, రెండు చుట్లు త్రిప్పినను చూచుట కొక్కటే. అందుచేత పూర్వపు నావికులు, చుక్కాని సరిగా నడుమ నున్నపుడు పైకి నిలుచు ఆకునకు త్రాటితో ఒక ముడి వేసెడివారు. చీకటిలో తడిమినను ఆ ముడి చేతికి తగులును. అయితే లోపలి తీగ సాగినను, తెగినను ఆ ముడి అబద్ధమే చెప్పును.

ఇది చిన్న విషయము కాదు. చుక్కాని సుమారు 35 డిగ్రీలకు మించి తిరిగినచో నీరు దాని వెంట సాఫీగా పారక సుడులు తిరుగును. పడవ మలుపు తిరుగుటకు మారు వేగము కోల్పోవును. రేవులో నడిపించువాడు చుక్కాని నడుమ నున్నదని భ్రమపడిన పడవ గట్టునకు కొట్టుకొనును.

నడిసముద్రమున చుక్కానిని నడుపు యంత్రాంగము చెడినచో ఏమగును? భారత నౌకాదళపు తెరచాప నౌక 'తారిణి' 2017 సెప్టెంబరు 10న గోవా నుండి భూప్రదక్షిణమునకు బయలుదేరినది. నాయకురాలు వర్తికా జోషి. నావికులైన ఆరుగురును స్త్రీలే, వారిలో పి. స్వాతి మన విశాఖపట్నపు ఆడపడుచు, బి. ఐశ్వర్య హైదరాబాదు వాస్తవ్యురాలు. దక్షిణ సముద్రముల భీకర తరంగములను దాటి వచ్చిన ఆ 17 మీటర్ల నౌక, చుక్కాని యంత్రాంగము చెడుటచే 2018 ఏప్రిల్ నెలలో మారిషసు ద్వీపమున ఆగవలసివచ్చెను. బాగుచేసికొని మే 21న వారు గోవా చేరిరి.

చుక్కాని స్థితిని తెలుపు సూచికను ఇంటిలోనే చేసికొనవచ్చును. కావలసినవి: ఒక పొటెన్షియోమీటరు, రెండు సమాన నిరోధకములు, ఒక బ్యాటరీ, పాఠశాల ప్రయోగశాలలో నుండు గాల్వనోమీటరు. ఈ చివరి దానిలో సున్న నడుమ నుండుట మనకు మిక్కిలి అనుకూలము. ముఖ్యముగా గమనింపుడు: పొటెన్షియోమీటరును చక్రమునకు కాదు, చుక్కాని ఇరుసునకే కలుపవలెను. ఇరుసునకు ఒక చిన్న చేయి, పొటెన్షియోమీటరునకు అంతే పొడవుగల మరియొక చేయి అమర్చి, రెంటిని ఒక కడ్డీతో కలుపుడు. కడ్డీ పొడవు రెండు ఇరుసుల నడిమి దూరమునకు సమానముగా నుండవలెను. అప్పుడు సమాంతర చతుర్భుజ మేర్పడి, చుక్కాని ఎన్ని డిగ్రీలు తిరిగిన పొటెన్షియోమీటరు అన్నియే తిరుగును.

పొటెన్షియోమీటరు రెండు చివరలను బ్యాటరీకి కలుపుడు. నిరోధకములను రెంటిని ఒకదాని వెంట నొకటి చేర్చి వాని చివరలను గూడ అదే బ్యాటరీకి కలుపుడు. ఆ నిరోధకముల కూడలికిని, పొటెన్షియోమీటరు నడిమి కొనకును మధ్య గాల్వనోమీటరు నుంచుడు. ముల్లు చివరకు కొట్టుకొనకుండ దానితో వరుసగా ఇంకొక నిరోధకమును చేర్పుడు. చుక్కాని నడుమ నున్నపుడు రెండు తావులను వోల్టేజి సమానమగును, ప్రవాహ ముండదు, ముల్లు సున్నపై నిలుచును. చుక్కాని ఎటు జరిగిన ముల్లు అటు జరుగును. ముల్లు ఎదురు దిశకు పోయినచో బ్యాటరీ తీగలను తారుమారు చేసిన చాలును.

నేను పిల్లలతో కలిసి బెల్లపు దిమ్మెల పెట్టె పలకపై దీని నమూనా చేసితిని. పాత రేడియోలోని ధ్వనిమీటను వాడితిమి. మేము మీటను కొలిచి నడుమనే నిలిపినను ముల్లు సున్నపై నిలువదాయెను! ఒక ప్రక్కకు గబగబ పరుగిడును, రెండవ ప్రక్కకు నత్తవలె కదలును. రెండు దినములు తీగలను అనుమానించితిమి. తప్పు తీగలది కాదు. చెవికి ధ్వని సమముగా పెరిగినట్లు వినబడుటకై అట్టి మీటలలో నిరోధమును అసమానముగా పెంచుదురు. సమముగా పెరుగు రకమును కొని తెచ్చిన పిదప ముల్లు చెప్పినట్లు వినెను. బ్యాటరీ నీరసించినకొలది ముల్లు ప్రక్కలకు తక్కువగా వంగినది గాని, సున్న మాత్రము చోటు తప్పలేదు.