ఎండలు ముదరకముందే పానకం, మజ్జిగ

ఉగాది వెళ్ళి శ్రీరామనవమి వచ్చేసరికి పిల్లలు బడి నుంచి మొహాలు కందగడ్డల్లా చేసుకుని వస్తారు. గుమ్మంలో అడుగు పెడుతూనే "అమ్మా, ఐసు!" అంటారు. ఆ ఐసు ఏ నీళ్ళతో చేశారో మనకేం తెలుసు? డబ్బులిచ్చి విరేచనాలు కొనితెచ్చుకోవడమెందుకు చెప్పండి!

ముందు పానకం. నవమినాడు చేసి ఊరుకుంటాం గాని, ఇది చైత్రమంతా తాగదగ్గదే. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో 150 గ్రాముల బెల్లం కరగనిచ్చి, పలచని గుడ్డలో వడకట్టండి. బెల్లంలో నలకలు తప్పవు. అర చెంచా మిరియాల పొడి, పావు చెంచా శొంఠి, నాలుగు ఏలకులు దంచి కలపండి. మిరియం గొంతులో చురుక్కుమనాలి, లేకపోతే అది ఉత్త బెల్లం నీళ్ళే! మట్టికుండలో పోసి గాలి తగిలేచోట పెట్టండి. కుండ చెమర్చి, ఆ తడి ఆరుతూ లోపలి వేడిని లాగేస్తుంది. ఫ్రిజ్ అక్కర్లేదు. మంగళగిరి కొండమీద నరసింహస్వామికి నైవేద్యం ఈ పానకమే కదా.

మధుమేహమున్న పెద్దవాళ్ళకు మాత్రం ఇది వద్దు. కప్పు పెరుగుకు నాలుగు కప్పుల నీళ్ళు పోసి చిలికి, అల్లం, కాస్త ఉప్పు, నలిపిన దబ్బాకు వేసి మజ్జిగ ఇవ్వండి. రక్తపోటుంటే ఉప్పు మానేయండి.

ఇంకో మాట. పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే పానకం మందనుకోకండి, ఎక్కువ తీపి వాటిని ఇంకా పెంచుతుంది. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో టీ చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి గుక్కగుక్కగా పట్టండి. కళ్ళు లోతుకుపోయినా, మూత్రం రాకపోయినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.