మందు పెద్దపేగు దాకా చేరాలంటే...

అల్సరేటివ్ కొలైటిస్‌కు డాక్టరు మాత్రలతో పాటు ఎనిమా కూడా రాస్తే, చాలామంది మాత్రలు మింగి ఎనిమాను పక్కన పెట్టేస్తారు. నోటితో వేసుకుంటున్నాం కదా, మళ్లీ కింది నుంచి ఎందుకు?

మామూలు మాత్ర ఎక్కువగా చిన్నపేగులోనే రక్తంలో కలిసిపోతుంది. జ్వరానికి అది చాలు. ఈ జబ్బులో వాపు, పుండ్లు ఉండేది మాత్రం పెద్దపేగు లోపలి పొర మీద. దీనికి వాడే మెసలమైన్ ఆ పొరను నేరుగా తాకితేనే పనిచేస్తుంది. దారిలోనే రక్తంలోకి పోతే పుండుకు దక్కేది తక్కువే.

మందును నేరుగా పెద్దపేగుకే చేర్చే కిటుకు తెలియకముందే ఒక మందు దాన్ని వాడుకుంది. స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్ట్జ్ కీళ్లవాతం కోసం రూపొందించిన సల్ఫాసలజైన్ పేగు రోగులకూ మేలు చేసింది. అందులో మెసలమైన్, ఒక సల్ఫా మందు జతకట్టి ఉంటాయి. ఆ ముడిని విప్పేది పెద్దపేగులోని బ్యాక్టీరియా. రెంటిలో ఏది పనిచేస్తోందో 1977లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు తేల్చారు. విడివిడిగా ఎనిమాలిచ్చి చూస్తే గుణం కనిపించింది మెసలమైన్‌తోనే. సల్ఫా భాగం మోసుకెళ్లే కూలీ మాత్రమే. తలనొప్పి, వికారం వంటి ఇబ్బందులు ఎక్కువగా దానివే.

కూలీ లేకుండా మెసలమైన్‌ను చేర్చడమెలా? కడుపులోని ఆమ్లానికి చెక్కుచెదరకుండా, ఆమ్లత తగ్గి పీహెచ్ 7 దగ్గరకు వచ్చాక కరిగే పూత మాత్రకు వేశారు. అందుకే ఇలాంటి మాత్రను నమలకూడదు, నూరకూడదు. బ్యుడెసొనైడ్ అనే స్టెరాయిడ్‌ది మరో దారి. పేగులో పనిచేశాక రక్తంలోకి చేరినా, దాదాపు 90 శాతాన్ని కాలేయం విరగ్గొట్టేస్తుంది. మిగతా ఒంటిపై స్టెరాయిడ్ల దుష్ప్రభావం అంతమేరకు తగ్గుతుంది.

కింది నుంచి ఇచ్చే మందులకూ హద్దులున్నాయి. మలద్వారంలో పెట్టే సపోజిటరీ పురీషనాళం వరకే వెళ్తుంది. నురగ మందు ఇంకాస్త పైకి, ద్రవ ఎనిమా ఎడమవైపు ప్లీహం దగ్గరి మలుపు దాకా చేరగలవు. జబ్బు పురీషనాళానికే పరిమితమైతే సపోజిటరీయే మొదటి మందు. పైకి పాకితే మాత్ర, ఎనిమా కలిపి వాడటం ఒక్క మాత్ర కన్నా మేలు. ఎనిమాను పడుకునే ముందు, విరేచనానికి వెళ్లొచ్చాక, ఎడమ పక్కకు తిరిగి తీసుకుంటే మందు ఎక్కువసేపు లోపల నిలుస్తుంది.

అన్ని పేగువాపులకూ ఈ పద్ధతి సరిపోదు. క్రోన్స్ జబ్బు నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ లోతుకూ దిగుతుంది. పైపొర మీద పనిచేసే మందు అక్కడ చాలదు. కొలైటిస్ తీవ్రమైనా ఒళ్లంతటికీ అందే మందులు, ఇంజెక్షన్లు అవసరమవుతాయి. మెసలమైన్ వాడేవారు మధ్యమధ్యలో కిడ్నీ పరీక్షలు చేయించుకోవాలి.

కొలనోస్కోపీ అయ్యాక జబ్బు పేరుతో పాటు అది ఎంతవరకు పాకిందో కూడా డాక్టరును అడగండి. మాత్రా, సపోజిటరీయా, ఎనిమాయా అన్నది తేలేది చాలావరకు ఆ జవాబును బట్టే.