సముద్రమునుండి కొండకు: గోస్తనీ నదివెంట యాత్ర

ఒకనాడు భూగోళపు తరగతిలో "మన సీమ" అను విషయమును గూర్చి చిన్న వ్యాసము వ్రాయుడని విద్యార్థులతో చెప్పితిని. పట్టణపు బాలురలో అనేకులు 1933వ సంవత్సరమున తెరువబడిన ఓడరేవును, 1992లో జాతికి అంకితము చేయబడిన ఉక్కు కర్మాగారమును వర్ణించి కలము క్రింద బెట్టిరి. జాలరిపేట బాలుడు తన తండ్రి తెప్పను గూర్చి వ్రాసెను. అరకు ప్రాంతమునుండి వచ్చి వసతిగృహమున నుండి చదువుకొనుచున్న కొండదొరల బాలుడొకడు తన గ్రామమును వర్ణించుచు, "మా అమ్మ కుండతో ఏరు తెచ్చును, మేమందరము ఆ ఏరు త్రాగుదుము" అని చదివెను. తరగతి యంతయు నవ్వెను. "ఏటిని కుండలో నెట్లు తెచ్చెదరు?" అని యొకడు పరిహసించెను. నేను నవ్వినవారిని వారింపక, "ఏరు కాదు, నీరు" అని బాలునే దిద్దితిని. అతడు తల వంచుకొని కూర్చుండెను.

ఆ దినమున తప్పు చేసినది ఆ బాలుడు కాదు, నేనే యని తెలిసికొనుటకు నాకొక నదివెంట ప్రయాణము చేయవలసి వచ్చెను. సంక్రాంతి సెలవులలో పదిమంది విద్యార్థులతో బయలుదేరితిని. ఆ కొండబాలుడును మాతో వచ్చెను.

మేమెన్నుకొనిన నది గోస్తని. ఇది మహానదులలో లెక్కింపబడునది కాదు. అనంతగిరి కొండలలో పుట్టి, మైదానమున ప్రవహించి, భీమునిపట్టణమున సముద్రమును గలియును. 2022లో జిల్లాలు పునర్విభజింపబడిన పిమ్మట దీని జన్మస్థానము అల్లూరి సీతారామరాజు జిల్లాలోను, నడిభాగము విజయనగరము జిల్లాలోను, ముఖద్వారము విశాఖపట్టణము జిల్లాలోను చేరినవి. మనుష్యులు గీసిన యెల్లలు మారుచుండును. నది తన త్రోవను బోవుచునే యుండును. కావున సముద్రపుటొడ్డున మొదలిడి, నది పుట్టిన కొండలవరకు పోవలెనని నిశ్చయించితిమి.

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు తీరమువెంట బోవు బాటలో మొదట తొట్లకొండ నెక్కితిమి. సుమారు రెండువేల యేండ్లక్రిందట అచ్చట బౌద్ధభిక్షువులు నివసించిరి. నీరు నిలువచేయుటకై రాతిలో తొలిపించిన తొట్లవలన ఆ కొండకు ఆ పేరు వచ్చెను. త్రవ్వకములలో రోమను నాణెములు దొరకుటవలన ఆ కాలముననే మన తీరమునకు దూరదేశపు వర్తకముతో సంబంధము కలదని తెలియుచున్నది. భీమునిపట్టణమున 17వ శతాబ్దమున హాలెండు దేశపు వర్తకులు స్థిరపడిరి. 1825లో ఆ స్థలము ఆంగ్లేయుల వశమయ్యెను. హాలెండువారి సమాధులు నేటికిని అచ్చట నున్నవి. ఆ వర్తకులు వచ్చినది సముద్రపుటిసుకకొరకు గాదు; లోపలి గ్రామములలో నేసిన బట్టలకొరకును, పండిన ధాన్యముకొరకును వచ్చిరి. రేవు ఎంత గొప్పదైనను, వెనుక పల్లెలు లేనిచో ఓడలు దానివంక చూడవు.

భీమునిపట్టణమునకు ఈవల ఎఱ్ఱమట్టి దిబ్బలున్నవి. సముద్రపుటిసుక తెల్లగా నుండగా ఇవి యేల ఎఱ్ఱగా నున్నవని బాలురడిగిరి. తూర్పుకనుమలలో విస్తారముగా నున్న శిలకు ఖోండలైటు అని పేరు. 1902లో వాకరు అను భూగర్భశాస్త్రజ్ఞుడు, ఆ కొండలలో నివసించు ఖోండుజాతివారి పేరుమీదుగా దానికి ఆ పేరు పెట్టెను. ఎండకును వానకును ఆ శిల చివికి, వాగులవెంట క్రిందికి కొట్టుకొని వచ్చి, గాలికి ఎగిరి, వేలకొలది యేండ్లు తీరమున పేరుకొనెను. అందలి యినుము త్రుప్పుపట్టుటచేత ఇసుకకు ఎఱ్ఱరంగు గలిగెను. అనగా మనము సముద్రతీరమున నిలిచి త్రొక్కుచున్న మట్టియే కొండనుండి వచ్చినది!

తీరము విడిచి పద్మనాభము చేరితిమి. 1794వ సంవత్సరము జూలై 10వ తేదీన విజయనగర ప్రభువగు చిన్న విజయరామరాజు ఇచ్చట ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి మడిసెను. కంపెనీవారు కోరిన పేష్కషు బాకీ ఆ తగవునకు ముఖ్యకారణము. ఆ ధనము రావలసినది ఇట్టి పొలములను దున్ను రైతుల కష్టమునుండియే గదా.

అచ్చటినుండి జామి గ్రామముమీదుగా తాటిపూడికి పోయితిమి. 1960 తరువాతి దశాబ్దమున ఇచ్చట గోస్తనికి ఆనకట్ట కట్టబడెను. జలాశయపు నీరు పొలములకు బారుటయే గాక విశాఖపట్టణపు త్రాగునీటికిని ఉపయోగపడుచున్నది. ఆనాడు తరగతిలో పరిహసించిన బాలుడు గట్టుమీద నిలిచి, "మాస్టారూ, మా యింటి కొళాయిలో వచ్చునది ఈ నీరేనా?" అని యడిగెను. "పట్టణమునకు వచ్చు నీటిలో ఇదియు గలదు" అంటిని. తన తల్లియు ఏటినే బిందెలో పట్టుచున్నదని అతనికి తోచినట్లున్నది, మరి మాటలాడలేదు.

శృంగవరపుకోటలో రైలెక్కితిమి. బైలదిల్లా కొండలలోని ఇనుపరాతిని మన రేవునకు తెచ్చుటకై 1960 తరువాత నిర్మింపబడిన మార్గమిది. సొరంగము వెంబడి సొరంగము దూరుచు రైలు పైకి బోవుచుండ, చల్లనిగాలి తగిలెను. బొఱ్ఱా గుహలకడ దిగితిమి. ఈ గుహలెట్లేర్పడినవి? వాననీరు గాలిలోను మట్టిలోను ఉండు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెము పులుసుగుణము పొందును. ఆ నీరు సున్నపురాతి పగుళ్లలో దిగి రాతిని మెల్లమెల్లగా కరగించును. కప్పునుండి బొట్టుబొట్టుగా కారునప్పుడు, అందలి సున్నము మరల గట్టిపడి ఆవు పొదుగువలె వ్రేలాడును. అవి పెరుగుటకు మిక్కిలి దీర్ఘకాలము పట్టును. విరుచుటకు ఒక్క నిమిషము చాలును. గుహపైని మేయుచున్న ఆవొకటి రంధ్రమున పడగా, దానిని వెదకుచు కాపరి గుహను కనుగొనెనని స్థలపురాణము. ఆ గుహలలోనుండియే గోస్తని పారుచున్నది.

మరునాడు అరకులోయ చేరితిమి. అచ్చట మాకు మార్గదర్శి ఆ కొండబాలుడే. ఏ చెట్టు నీడను కాఫీమొక్క పెరుగునో, ఏ ఊట వేసవిలోను ఎండదో అతడు చెప్పుచుండ మేము వినుచుంటిమి. అతని యింటికి పోగా, అతని తల్లి చెంబు అందించి "ఏరు" అనెను. బాలురలో ఒక్కడును నవ్వలేదు.

తిరిగివచ్చిన పిమ్మట నేను భాషాశాస్త్ర గ్రంథములను తిరుగవేసితిని. కొండదొరలలో కొందరు మాటలాడు భాషను కొండభాష యనియు, కూబి యనియు అందురు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు దానిని పరిశోధించి 1969లో గ్రంథము ప్రకటించిరి. ద్రావిడభాషలలో తెలుగు, గోండి, కొండ, కువి మొదలగునవి యొక శాఖ. తమిళము, కన్నడము, మలయాళము వేరొక శాఖ. కాబట్టి కూబి మన తెలుగునకు తోబుట్టువు. మనము ప్రవాహమును ఏరు అందుము. వారు నీటినే ఏరు అందురు. ఆ రెండును ఒక్క మూలపదమునుండి పుట్టినవే. నేను తప్పని దిద్దిన మాట తప్పు కాదు. మన మాటకు తోడబుట్టిన మాట. ఈ సంగతిని తరగతిలో అందరియెదుట చెప్పి, ఆ బాలుని క్షమాపణ వేడితిని.

తల్లిదండ్రులకు నా మనవి యొక్కటే. సెలవులలో పిల్లలను యాత్రకు తీసికొనిపోవునప్పుడు వింతలు చూపి మరలింపకుడు. ఈ మట్టి యెచ్చటిది, ఈ నీరు ఎచ్చటికి బోవును, ఈ గ్రామమువారు దేనిని ఏమందురు అని అడుగనేర్పుడు. అడిగిన పిల్లవాడు పొరుగువానిని చూచి నవ్వడు. ఈ యేడు "మన సీమ" వ్యాసమును మరల వ్రాయించితిని. పట్టణపు బాలుడు తన వ్యాసమును రేవుతో గాక, ఒక కొండయూటతో మొదలుపెట్టెను.