మందుపాతరల జాడ

చేతిబాంబు విసరిన కొన్ని క్షణములలోనే ప్రేలిపోవును. మందుపాతర అట్లు కాదు. త్రొక్కు పాదమునకై ఏండ్ల తరబడి కాచుకొని యుండును. ఆ పాదము సైనికునిదా, రైతుదా యను విచక్షణ దానికి లేదు. కనుక మేమిచట ముచ్చటింపదలచినది దాని జాడ తీయు విధమును గూర్చి.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున పోలండు ఇంజనీరు యూజెఫ్ కొసాట్స్కీ రూపొందించిన శోధనయంత్రము, నేలలో లోహమున్నచో హెడ్‌ఫోనులలో మ్రోగెడిది. 1942లో ఈజిప్టునందలి అలమీను ఇసుకలలో బ్రిటిషు సేనకు అది మిక్కిలి తోడ్పడినది. ఆ యేటనే జర్మనులు చెక్కపెట్టె పాతరను దించిరి. బడిలోని సుద్దముక్కల పెట్టె యంతటి దానిలో 200 గ్రాముల మందు! పాదమును హరించుటకు అది చాలును. లోహము అత్యల్పమగుటచే యంత్రము పలుకదయ్యెను. రష్యనులును ఇట్టివే వాడిరి.

ఇక మిగిలినది మందు వాసన. అది మన ముక్కునకు అందదు. రష్యను సేన కుక్కలకు శిక్షణ నిచ్చినది. 1970ల నుండి సాగిన పోరులలో పాతిన పాతరలు కంబోడియా పొలములలో నేటికిని దొరకుచున్నవి. అచట మగావా యను ఆఫ్రికా ఎలుక, 2021లో విశ్రాంతి పొందులోగా, నూటికి పైగా పాతరలను, ప్రేలని గుండ్లను చూపినది. దాని బరువు కిలోకు కొంచెము పైమాట. అది పైనుండి నడచినను పాతర ప్రేలదు.